ఎడమ చక్రం

మార్కు మాస్టారి కారుకి కవరు తీయగా చూసినవాళ్ళు వీధిలో ఎవరూ లేరట, ఆ గుడ్డ కింద ఉన్నది కారో గడ్డిమోపో ఆయనకీ ఆయన దేవుడికీ తెలియాలట, బతికున్న చుట్టాన్ని ఎక్కించుకోగా ఎన్నడూ చూడలేదు గనక ఎవరో ఒకరు పోయిన రోజున తీస్తాడు కాబోలట. అన్నది ఎదురింటి రామబ్రహ్మం గారి భార్య. విన్నది పూలమ్మే మనిషి. ఆ మనిషి మోసుకొచ్చి కల్పనకి అప్పజెప్పింది, కల్పన ఏ మాటా కడుపులో దాచుకునే రకం కాదు గనక ఆ పూట చారు పోస్తూ పోస్తూ మొగుడి చెవిలో వేసేసింది. మార్కు అప్పుడు నవ్వాడు. గుడివాడలో డ్రిల్లు మాస్టారుగా ఇన్నేళ్ళు చేసినవాడు, ఎండలో పిల్లల్ని వరసలుగా నిలబెట్టి ఒక్క కేకతో కదలకుండా చేసేవాడు, ఆడవాళ్ళ మాటలకి ఉలికిపడతాడా అన్నట్టు నవ్వాడు. నవ్వాడు గాని చారులో ఉప్పుందో లేదో తెలియలేదు.

ఆ మాటలే ఇప్పుడు మళ్ళీ వినబడుతున్నాయి. మొవ్వ వెనకపడి చల్లపల్లి ఇంకా రాని చోట, కాలవగట్టు పక్క, నిద్రగన్నేరు నీడలో ఒక రాయి మీద కూచుని తన కారు ముందు ఎడమ చక్రాన్ని చూస్తున్నాడు మార్కు. చక్రం చల్లారుతోంది. చల్లారుతూ లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది, పొయ్యి మీంచి దించిన ఇనప పెనం అన్నట్టుగా. కాలిన గోరు వాసన గాలిలోంచి ఇంకా పోలేదు. కాలవలో నీళ్ళు ఎర్రగా, నిదానంగా దివిసీమ వైపు పోతున్నాయి. నీళ్ళకేం, ఏ బ్రేకూ లేదు, తను వెళ్ళాల్సిన చోటికే ముందుగా పోతున్నాయి. అక్కడ కోడూరు దగ్గరి పల్లెలో, పాకా మేడా కాని ఒక రేకులింటి ముందు, షామియానా కింద, పెట్టెలో యేసుదాసు మావయ్య పడుకుని ఉన్నాడు. తన మేనమామ. అమ్మకీ దేవమ్మ పిన్నికీ ఒక్కడే తమ్ముడు. అమ్మ ఎప్పుడో పోయింది. ఇక ఆ ముఖాన్ని చివరిసారి చూడవలసిన తోడబుట్టింది పిన్ని ఒక్కతే మిగిలింది, ఆ పిన్నిని ఇవాళ ఈ రోడ్డు మీద ఆపేసింది తను. తను కాదు, మినపకట్టె. అలాగే చెప్పాడు కదా అందరికీ. మినపకట్టె.

రోడ్డు మీద ఇంకా ఉంది ఆ కట్టె. ఒక పక్కంతా నల్లగా, ముదురాకుపచ్చగా, మోకాలి దాకా పరిచి ఉంది. మాఘం వెళ్ళాక ఈ సీమలో ఏ రోడ్డయినా ఇంతే. వరి కోసిన మళ్ళలో చల్లిన మినుము ఎండి నలుపెక్కగానే మంచుపదునులో పీకి, కుప్పేసి, ఎండబెట్టి, తెచ్చి తారు మీద పరిచేస్తారు. లారీలూ బస్సులూ ట్రాక్టర్లూ మీంచి పోతుంటే కాయలు చిటపటమని పగులుతాయి, గింజ కిందికి దిగుతుంది, కట్టెని పంగలకర్రతో ఎత్తి తిరగేస్తారు. పోయేవాడి చక్రం వీళ్ళకి నూర్పిడి చేసి పెడుతుంది, ఊరికే. చిన్నప్పుడు ఆ చప్పుడు భలే ఇష్టం మార్కుకి. సైకిలు మీద కావాలని దాని మీంచే తొక్కేవాడు. కారు కొన్నాక ఇష్టం లేదు, మెత్తటి కట్టె చక్రానికి చుట్టుకుంటే లోపల రాపిడికి అంటుకుంటుందని, కంకిపాడు దగ్గర ఎవరి కారో అలా తగలబడిందని, ఎవరో ఎవరికో చెప్పగా విన్నాడు. అందుకే ఇవాళ పొగ లేచినప్పుడు ఆ మాట నోటికి అంత సిద్ధంగా అందింది. వెతుక్కోవలసిన పని లేకపోయింది. అబద్ధం ఎప్పుడో తయారై కూచుని, ఎవరు పిలుస్తారా అని చూస్తున్నట్టుంది.

కారుది తప్పు లేదు. పాతదే, బిస్కెట్టు రంగు వెలిసి చపాతీ రంగుకొచ్చింది గాని ఇంజను మంచిది. కొన్నరోజున పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి, బానెట్టు మీద నూనెతో సిలువ గుర్తు వేసి, నాలుగు చక్రాల మీదా తలో చుక్కా రాసి, ప్రభువా ఈ వాహనమును నీ పరిచర్యకు వాడుకొనుము అన్నారు. ఏ పరిచర్యకీ వాడలేదు. కవరు కప్పి ఉంచాడు. వానాకాలమంతా అలాగే, చలికాలమంతా అలాగే, హ్యాండుబ్రేకు లాగి. ఎవరైనా అడిగితే బ్యాటరీ వీకండీ అనేవాడు. నిజానికి అది కదిలితే గీతలు పడతాయని భయం, గీతలు పడితే ఇంతేనా మాస్టారి కారు అంటారని భయం. కదలని కారుకి బందరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి చేసేది చేసింది. మొన్న తీసి వీధి చివరి దాకా నడిపితే ఎడమ పక్కకి లాగింది. మెకానిక్కు అయ్యప్ప వచ్చి చక్రం ఊడదీసి చూపించాడు కూడా. ఇదిగో మాస్టారూ, దీన్ని కాలిపర్ అంటారు, బ్రేకు తొక్కితే ఇది డిస్కుని పట్టుకోవాలి, కాలు తీస్తే వదలాలి. లోపల పిస్టన్ తుప్పట్టి బిగుసుకుపోయింది, పట్టుకోడమే గాని వదలడం మర్చిపోయింది. సుత్తితో నాలుగు తట్లు తట్టి అప్పటికి వదిలించాడు. చర్చి దాకా, బజారు దాకా అయితే ఏమో గాని దూరం మాత్రం తియ్యకండి, కొత్తది తెప్పిస్తాను, వచ్చేదాకా కవరు కప్పుకోండి అన్నాడు. ఆ చివరి ముక్క వేళాకోళమో మామూలు మాటో ఇప్పటికీ తేల్చుకోలేదు మార్కు.

ఇవాళ పొద్దున్నే ఫోనొచ్చింది, యేసుదాసు మావయ్య లేడని. గుడివాడలో కూతురింట్లో ఉంటున్న పిన్ని అప్పటికే బస్టాండుకి బయల్దేరింది, చేతిసంచిలో తమ్ముడి మీద కప్పడానికి కొత్త తెల్లదుప్పటి పెట్టుకుని. ఆమె బస్సెక్కి ఉంటే ఈపాటికి పెట్టె పక్కన కూచుని ఉండేది. నేను తీసుకెళ్తాను పిన్నీ, నువ్వు బస్సులో పడి రావడమేవిటి, కారుంది కదా అన్నాడు. ఫోనులో గట్టిగా, వీధి గుమ్మంలో నిలబడి అన్నాడు. ఎదురింటి అరుగు మీద రామబ్రహ్మం గారి భార్య బియ్యం చెరుగుతోంది. కవరు తీసి దులిపాడు, దులపవలసిన దానికంటే ఎక్కువగా దులిపాడు. పిన్ని ఆటో వెనక్కి తిప్పించుకుని వస్తే, ఆటో దింపి కారెక్కించి తలుపు తనే వేశాడు. మావయ్య చచ్చిపోయిన పొద్దున, మావయ్య కోసం ఏడవడానికి ముందే, ఎదురింటావిడ చూసిందా లేదా అని చూశాడు. చూసింది. చేట ఆపి మరీ చూసింది. అది గుర్తొస్తే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి, ఎండకి కాదు.

పామర్రు దాకా బాగానే వచ్చింది. ఆ తరవాత స్టీరింగు ఎడమకి బరువెక్కింది. కూచిపూడి దాటాక వాసన మొదలైంది. ఏదో కాల్తన్నట్టుంది కదండీ అంది కల్పన. పొలాల్లో ఎవరో చెత్త తగలేస్తున్నార్లే అన్నాడు. అద్దం ఎక్కించాడు. వెనక సీట్లో పిన్ని తనలో తను పాట పాడుకుంటోంది, సమాధుల తోటలో పాడే పాట, పెదవులు మాత్రం కదులుతూ. ఆ పాట వింటూ ఇంకొంచెం, ఇంకొంచెం, చల్లపల్లి దాకా, అక్కడ ఆగుదాం, అక్కడ ఆగితే నలుగురూ చూస్తారు, మోపిదేవి దాటి ఆగుదాం అనుకుంటూ పోనిచ్చాడు. ఆగితే ఎందుకాగావంటారు. ఎందుకో చెప్పాలి. చెబితే, తెలిసి తీశావా అంటారు. తెలిసే తీశాడు.

అంతలో ఈ మినపకట్టె వచ్చింది. చిటపటమంటూ కారు దాని మీదికెక్కింది, దిగేసరికి ఎడమ చక్రం దగ్గర తెల్లగా పొగ. కల్పన కేక పెట్టింది. ఆపి దిగితే చక్రం వెనక, మడ్గార్డు కింద, గుప్పెడు మినపతీగెలు వేళ్ళాడుతున్నాయి. వాటిని చూడగానే గుండెలో ఏదో తేలికైంది, అదే మార్కుకి అన్నిటికంటే రోతగా ఉంది ఇప్పుడు, ఆ తేలిక. పంగలకర్ర పట్టుకుని పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, బనీను మీద ఆకు నలుసులతో, డెబ్బై దగ్గర్లో ఉన్న మనిషి. వెనకాలే ఆయన భార్య.

"ఏమండీ, మీ కళ్ళం చేసుకోడానికా గవర్నమెంటు రోడ్డేసింది? చావుకి పోతన్నాం మేము. ఆవిడ తమ్ముడు పోయాడు. కారు తగలబడితే ముగ్గురం లోపలే పోయేవాళ్ళం. బుద్ధుండక్కర్లా?"

గ్రౌండు గొంతు అది. కాలవ అవతలి గట్టు మీద గేదెలు తలెత్తి చూశాయి. పెద్దాయన తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ, "తప్పేనండి, తప్పేనండి మాస్టారూ, ఒక్క పూటలో ఎత్తేద్దామనుకున్నాం" అన్నాడు. తను మాస్టారని ఎలా తెలిసిందో. ఆ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది కాబోలు.

ఆ తిట్టులో ఒక రుచి ఉంది. దాన్ని కాదనలేడు. ఇలాంటి మళ్ళలోనే అమ్మా పిన్నీ తెల్లవారకముందే, కాయ రాలకుండా మంచు ఉండగానే, వంగి మినుము పీకేవాళ్ళు. గట్టు మీద గొడుగు వేసుకుని రైతు నిలబడి, ఏవిటే ఆ నత్తనడక అనేవాడు. గట్టు కింద నుంచి తనా మాట వినేవాడు, నోరెత్తగలిగే రోజు వస్తే ఏమనాలో అప్పుడే కూర్చుకునేవాడు. ఆ రోజు ఇవాళ వచ్చిందనుకున్నాడు. అమ్మ నడుము తరఫున అరిచాననుకున్నాడు. కాని ఈయన ఆ గొడుగు మనిషి కాడు. ఈయన మోకాళ్ళు వంగి ఉన్నాయి, తన కట్టె తనే తిరగేసుకుంటున్నాడు, భార్య తలకి గుడ్డ కట్టుకుని చేట పట్టింది. పైగా ఎవరి తరఫున అరిచాడో ఆ పిన్ని కారు దిగి, "ఒరే మార్కూ, ఊరుకోరా, పెద్దాయన్ని అన్నేసి మాటలనకు" అంది. ఊరుకోలేదు. ఊరుకుంటే పొగ గురించి ఆలోచిస్తారు. తిడుతున్నంతసేపూ అందరూ మినపకట్టె వైపే చూస్తారు.

అప్పుడు పెద్దాయన కూచున్నాడు. గొంతుక్కూచుని, "ఉండండి, తీసేత్తాను, అంటుకోలేదులెండి" అంటూ టైరు వెనకనుంచి చెయ్యి లోపలికి దూర్చాడు.

ఇక్కడికి వచ్చేసరికి మార్కు ఆలోచన ప్రతిసారీ పక్కకి తప్పుకుంటోంది. కాలవ మీదికి పోతోంది, నీటి పిట్ట మీదికి పోతోంది, పాస్టరుగారి నూనె చుక్క ఏ చక్రం మీద ఎక్కడ పడిందా అని పోతోంది. మళ్ళీ లాక్కొచ్చి అక్కడ కూచోబెట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి లోపలికి వెళ్తోంది. నిదానంగా వెళ్తోంది, తీగె కొస వెతుక్కుంటూ. ఆ తీగె వెనకాల ఏముందో ఆ రోడ్డు మీద తెలిసినవాడు ఒక్కడే. పామర్రు దగ్గర్నుంచీ బిగబట్టి రాపాడుతూ వచ్చిన డిస్కు, నిప్పులో పెట్టి తీసిన ఇనుములా ఉంటుందని తెలిసినవాడు ఒక్కడే. ఆగండి అనాలి. నోట్లో ఉంది ఆ మాట. రోజూ అనే మాటే. పరిగెత్తే పిల్లల్ని ఆ మాటతోనే ఆపుతాడు. అంటే, ఎందుకండీ అంటాడాయన. లోపల బ్రేకు కాలిపోతోందండీ అనాలి. మినపకట్టె కాదా మరి అంటాడు. ఆ మాటల వరసంతా కళ్ళముందు పరుచుకుని కనబడింది మార్కుకి, దాని చివర తను నిలబడి ఉన్నాడు, పిన్ని చూస్తుండగా, కల్పన చూస్తుండగా. ఊపిరి పీల్చుకున్నాడు. అంతే. ఆ ఊపిరి విడిచేలోపు సుయ్యిమంది.

పెద్దాయన అరవలేదు. అబ్బ అని మాత్రం అన్నాడు, చిన్నగా. చెయ్యి తీసుకుని వేళ్ళు చూసుకున్నాడు, రెండు వేళ్ళ మీద, అరచేతి పైన తెల్లగా తోలు లేచింది. రెండో చేత్తో ఆ గుప్పెడు తీగెలూ లాగి అవతల పారేసి, "వచ్చేసిందండి" అన్నాడు. ఏదో సాయం పూర్తి చేసినట్టు.

"చెయ్యి కాల్చుకున్నావా? ముందూ వెనకా చూడవు గదా నువ్వు" అంటూ ఆయన భార్య మొగుడి చేతిని బిందెలో ముంచింది. పొగ ఇంకా వస్తోంది. కాసేపటికి ఆవిడే ఆ బిందె ఎత్తుకుని, "ఈ చక్రం మీద కూడా పోసేద్దునా బాబూ, చల్లారిపోద్ది" అని వంచబోయింది. అప్పుడు మార్కు గొంతు లేచింది. "ఆగమ్మా! పొయ్యకండి! డిస్కు వంకరపోతుంది!" గేదెలు మళ్ళీ తలెత్తాయి. ఆవిడ బిందెతో అలాగే ఆగిపోయింది. ఎంత బాగా ఆగిపోయింది. చక్రం కోసం వచ్చింది ఆ కేక, కావలసిన క్షణానికి, పూర్తి గొంతుతో. చేతి కోసం రాలేదు. ఈ రాయి మీద కూచున్నప్పట్నుంచీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. మొదటిదానికి టైము చాలలేదని చెప్పుకోవచ్చు, నోరు పడిపోయిందని చెప్పుకోవచ్చు. రెండోది చెప్పుకోనివ్వదు.

ఆవిడ పేరు సీతామహాలక్ష్మి, ఆయన పేరు తాతారావు. పేర్లు ఎలా తెలిశాయంటే, ఆవిడే చెప్పింది పిన్నికి, పిన్ని చేతులు పట్టుకుని. "అక్కయ్యా, మావల్ల నీకు ఆఖరిచూపు తప్పితే ఆ ఉసురు మేం పడలేం. నా పేరు సీతామహాలక్ష్మి, ఈయన తాతారావు. తిట్టుకుంటే పేరు పెట్టి తిట్టుకో." పిన్ని, "నేనెందుకు తిట్టుకుంటానమ్మా" అంది. ఆ తరవాత సీతామహాలక్ష్మి రోడ్డుకి నడిమధ్య నిలబడింది, చేట పైకెత్తి. అవనిగడ్డ బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆవిడ ముందు ఆగింది. కండక్టరు ఏదో అనబోతే, "చావు, నాయనా, చావు. ఈ తల్లి తమ్ముడు. ముందు సీట్లో ఎవళ్ళున్నారో లెగండి" అని, పిన్నినీ కల్పననీ ఎక్కించి, దుప్పటి సంచి కిటికీలోంచి అందించింది. బస్సు కదిలి మినపకట్టె మీంచి చిటపటమంటూ పోయింది. ఆ చప్పుడుకి ఆవిడ తల దించుకుంది. మార్కు చూశాడు. తన చక్రం చేసిన పనికి ఆ ఇల్లాలు తల దించుకోవడం చూశాడు.

తాతారావు అప్పటినుంచి ఒంటిచేత్తో రోడ్డు మీది కట్టెని ఎత్తుతున్నాడు, ఎడంచేత్తో పంగలకర్ర తిప్పుతూ. సగం కూడా నూరలేదు, గింజ ఇంకా కాయలోనే ఉంది. అయినా ఎత్తి గట్టు మీదికి తోస్తున్నాడు. ఉండనివ్వండి అని మార్కు ఒకసారి అన్నాడు. "ఒద్దండి. ఇంకోళ్ళకి జరక్కూడదు" అన్నాడాయన. కాలిన చేతికి కలబంద గుజ్జు రాసి, చీర చెంగు చింపి కట్టింది భార్య. ఆ కట్టు మెరుస్తోంది ఎండలో, తడిగా. ఆవిడే మజ్జిగ తెచ్చి గ్లాసుతో మార్కు చేతికిచ్చింది. తాగాడు. నీళ్ళ మజ్జిగ, కరివేపాకు, ఉప్పు సరిగ్గా ఉంది. ఉప్పు సరిగ్గా ఉందని తెలియడం కూడా సిగ్గుగా ఉంది.

అయ్యప్ప బయల్దేరాడు. ఫోనులో ఒక్క మాట కూడా నేను చెప్పలేదా అనలేదు. నీళ్ళు పోయకండి, కదపకండి, బ్రేకు గొట్టం చివర నిపిల్ లూజు చేసి ఆయిలు వదిలేస్తే పట్టు వీడుద్ది, నేనొచ్చి చూసుకుంటా అన్నాడు. అనకపోయినా వచ్చాక అంటాడు. చక్రం ఊడదీసి, పిస్టన్ చూసి, ఎవరు పక్కనుంటే వాళ్ళతో అంటాడు, మొన్ననే చెప్పానండీ దూరం తియ్యొద్దని. పక్కన తాతారావు ఉంటాడు. ఉండకపోతే బాగుండును. ఆ కట్టె ఎత్తడం తొందరగా అయిపోయి, భార్యాభర్తలు ఇంటికెళ్ళిపోతే, చల్లపల్లి డాక్టరు దగ్గరికెళ్ళిపోతే. చేతికి మంచిదే కదా డాక్టరు. వెళ్ళమని చెప్పొచ్చు, మంచిమాటలాగానే ఉంటుంది. చూడు ఎంత తెలివిగా పనిచేస్తోందో ఈ బుర్ర, సిగ్గుపడుతున్నామని చెప్పుకుంటూనే దారి చూసుకుంటోంది. అంతకుముందు, బస్సు వెళ్ళగానే, అదే బుర్ర వచ్చే ఆదివారం సాక్ష్యం తయారు చేసింది. ఆరాధనలో లేచి నిలబడి, సంఘమా, దేవుడు నా యెడల చేసిన మేలు, మేము మరణకార్యమునకు వెళ్ళుచుండగా దారిలో పరచిన మినపకట్టె చక్రమునకు చుట్టుకొని అగ్ని రాజుకొనగా... అందరూ స్తోత్రం అంటారు. ఆ వాక్యం మొత్తం, ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో సహా వచ్చేసింది. అందులో తాతారావు లేడు. చెయ్యి లేదు. సాక్ష్యాలు ఇలాగే పుడతాయా అని భయం వేసింది మార్కుకి, ఇన్నేళ్ళుగా తను చెప్పినవీ, విని స్తోత్రం అన్నవీ.

మావయ్య ముఖం తెచ్చుకోవాలని చూశాడు. దుఃఖపడదామని. మావయ్య నవ్వితే ఒక పన్ను పక్కకి ఉండేది, చెరుకు గడ ఆ పన్నుతోనే చీల్చేవాడు, మార్కుకి ముక్కలు కోసి పెట్టేవాడు. ఆ పన్ను వచ్చింది గాని ముఖం రాలేదు. ముఖం బదులు అరచేతి పైన లేచిన తెల్లతోలు వస్తోంది. చచ్చిన మనిషి కోసం బయల్దేరి, బతికున్న మనిషి చేతిని మోసుకు తిరుగుతున్నాడు.

ఫోను మోగింది. కల్పన. వెనకాల పాట వినబడుతోంది, డప్పు, ఆడవాళ్ళ ఏడుపు.

"అందేసామండి. పెట్టె మూతకి మేకులు తెచ్చి పెట్టుకున్నారు, పిన్నిగారొస్తన్నారని ఆపారంట. చూసుకున్నారు. ముఖం తుడిచి, దుప్పటి ఆవిడే కప్పారు. మీరేం కంగారు పడకండి. పిన్నిగారు అడగమన్నారు, ఆ పెద్దాయన చెయ్యి ఎట్టా ఉందని."

"బానే ఉంది" అన్నాడు మార్కు. ఫోను పెట్టేశాడు. చూపు దక్కింది పిన్నికి. ఇందాకటినుంచీ ఆ భయం ఒకటి పెద్దగా అడ్డం నిలబడి ఉంది, దాని చాటున మిగతావన్నీ చిన్నవిగా కనబడ్డాయి. ఇప్పుడది తప్పుకుంది. పిన్ని చేరింది, మావయ్యకి తెల్లదుప్పటి చేరింది, ఇక ఈ రోడ్డు మీద మిగిలింది చెయ్యి ఒక్కటే.

తాతారావు కర్ర ఆనించి దగ్గరికొచ్చాడు. ఫోను మాటలు సగం విని ఉంటాడు. రాయి పక్కన నేల మీద కూచోబోతే మార్కు లేచాడు, ఆయన వద్దని చెయ్యూపాడు, ఆ చెయ్యే.

"అందారాండీ?"

"అందారండి. చూసుకున్నారంట."

"అమ్మయ్య." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, తుడుస్తూ కాసేపు ముఖం మీదే ఉంచుకున్నాడు. "ప్రాణం ఎక్కడుందో లేదండి ఇందాకట్నుంచీ. మా ఆవిడైతే మూడుసార్లు దణ్ణం పెట్టుకుంది. ఈ రోడ్డు మీద నూర్పు మా నాన్న నాటినుంచీ ఉందండి, ఇన్నాళ్ళు ఎవరికీ ఏ చెడుపూ చెయ్యలేదు. ఇదే ఆఖరండి. ఇకమీదట మిషను పెట్టిస్తా, లేదంటే మినుమే మానేస్తా."

నవ్వుతూనే అన్నాడు. అమ్మయ్యా అన్న మనిషి నవ్వు. మార్కు కాలవ వైపు చూశాడు. ఊరుకుంటే సరిపోతుంది. ఇప్పుడీ మనిషి తేలికపడ్డాడు, తన పాపం తప్పిందని సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషం ఎందుకు చెడగొట్టడం. ఇది కూడా మంచిమాటలాగే ఉంది. అయ్యప్ప ఈపాటికి కూచిపూడి దాటి ఉంటాడు. వాడొచ్చి చెప్పకముందే చెప్పేస్తే, వాడి భయం వల్ల చెప్పినట్టు. వాడు చెప్పాక చెబితే, దొరికిపోయి చెప్పినట్టు. వాడు లేకపోతే చెప్పేవాడినా? తెలియదు. ఎంత తవ్వినా ఆ అడుగున ఏముందో కనబడలేదు మార్కుకి, ఎర్రనీళ్ళు తప్ప. శుభ్రమైన కారణం దొరికేదాకా ఆగితే అది దొరకదని మాత్రం అర్థమైంది. మురికి కారణంతోనే నోరు తెరిచాడు.

"తాతారావు గారూ."

"చెప్పండి."

"మీ మినపకట్టె వల్ల కాదండి." గొంతు గ్రౌండు గొంతు కాదు, ఎవరిదో, సన్నగా ఉంది. "నా బ్రేకు పట్టేసింది. ముందే పట్టేసింది. కూచిపూడి దగ్గర్నుంచే కాల్తంది. మెకానిక్కు దూరం తియ్యొద్దని చెప్పాడు కూడా. మీ తీగెలు ఊరికే తగులుకున్నయ్యి, అంతే."

గట్టు మీద చెరుగుతున్న సీతామహాలక్ష్మి చేట ఆగింది. తాతారావు నవ్వు వెంటనే పోలేదు, ఏం చెయ్యాలో తెలియనట్టు ముఖం మీద కొంచెంసేపు ఉండి, తరవాత పోయింది. చక్రం వైపు చూశాడు. గట్టు మీదికి తోసిన సగం నూరిన కట్టె వైపు చూశాడు. కట్టు కట్టిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, పసిబిడ్డని పెట్టుకున్నట్టు.

"నన్ను తిడతన్నప్పుడు తెలుసా మీకు?"

"తెలుసండి."

"లోపల కాల్తందనీ తెలుసా?"

"తెలుసండి."

ఆయన గొంతు పెంచలేదు. మార్కు ముఖంలోకి చూశాడు, అప్పటిదాకా ఒక్కసారి కూడా అంత తిన్నగా చూడలేదు.

"మరి నేను చెయ్యి పెడతంటే చూస్తా నిలబడ్డారేం?"